తెనాలిలో ఒంటరిగా ఉంటున్న అమ్మను సీనియర్ లివింగ్‌కి మార్చాలా?

తెనాలి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయి ఆరేళ్లయింది. తెనాలిలో నాన్న కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు డాలస్‌లో ఉంటాడు.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ బాత్‌రూమ్‌లో జారి పడింది. పనమ్మాయి ఏడింటికి వచ్చేదాకా ఆ తడి గచ్చు మీదే ఉంది. ఫోనేమో హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంది. ఎముకలేవీ విరగలేదు, మణికట్టు వాచిందంతే. కానీ ఆ మూడు గంటలు తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ఇల్లు అమ్మేసి హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ లివింగ్‌లో (పెద్దవాళ్ల కోసమే నడిపే నివాసం) డిపాజిట్ కడదామని తమ్ముడు అంటున్నాడు. నెలనెలా మెయింటెనెన్స్ తనే పంపుతాడట. నేను వెళ్లి చూసొచ్చాను. తోట, భోజనం, గుడి అన్నీ బాగున్నాయి. నా దగ్గర ఉండమంటే పది రోజులకే "ఇక నన్ను పంపించెయ్యవే" అంటుంది అమ్మ. మాది ఐదో అంతస్తు ఫ్లాట్, తనకేమో పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తే గానీ తెల్లారదు. అమ్మడం తేలికవుతుందని ముందుగా ఇంటిని మా ఇద్దరి పేర రాయించుకుందామని కూడా తమ్ముడు అన్నాడు. అమ్మ సరేనంది. ఆ సరే అనే ముందు చాలాసేపు చీర కొంగు మడతలు పెడుతూ కూర్చుంది.

ఇలాంటి చోట్ల ఉన్న పెద్దవాళ్లు మంచాన పడితే ఏం చేస్తారు? ఈ వయసులో ఆస్పత్రి ఖర్చులకు దారేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి నుంచి:

మా నాన్నగారు మూడేళ్లు అలాంటి చోటే ఉన్నారు. పేరు చెప్పను. మొదటి రెండేళ్లు చాలా సంతోషంగా గడిపారు. మా ఇంట్లో అంత నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన వారానికే, ఇరవైనాలుగు గంటలూ మీ ఖర్చుతో మనిషిని పెట్టుకోండి, లేదంటే వేరే చోటుకి మార్చండి అని లెటర్ ఇచ్చారు. తన పనులు తాను చేసుకోగలిగిన వాళ్లకే ప్రవేశమని అగ్రిమెంట్‌లో ఉంది. మేం చదవకుండా సంతకం పెట్టాం. డిపాజిట్ వెనక్కి రావడానికి నెలల తరబడి తిరిగాను.

రిటైర్మెంట్ హోమ్‌లకు కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అవి నమూనాలే కాబట్టి మీ అగ్రిమెంట్‌లో రాసిందే మీకు ఆధారం. ఈసారి వెళ్తే తోట చూడకండి అక్కా. మంచం మీదున్న వాళ్ల గది ఒక్కటి చూపించమనండి. రాత్రి రెండింటికి బెల్ కొడితే ఎవరొస్తారో అడగండి. ఖాళీ చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు:

అమ్మాయ్, నేను ఎముకల వార్డులో చాలా ఏళ్లు చేశాను. తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమంది పడింది ఇంట్లోనే, అదీ బాత్‌రూమ్ దారిలోనే. మీ అమ్మ ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ బాత్‌రూమ్ సంగతి చూడు.

తలుపు లోపలికి తెరుచుకుంటుందేమో చూడు. మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటనుంచి ఎవరూ నెట్టలేరు. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించు, లోపలి గడియ తీసేయించు. చాలామంది ఇళ్లల్లో పెద్దవాళ్లు కుళాయి పట్టుకుని లేస్తారు. అది మనిషి బరువుకి ఆగదు. కమోడ్ పక్కన గోడకి స్టీలు కమ్మీ బిగించాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. ఫోను తాడు కట్టి మెళ్లో వేసుకోమను. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఏం వేసుకుంటుందో డాక్టరుకి ఒకసారి చూపించు. మంచం మీంచి లేవగానే కళ్లు తిరగడానికి చాలాసార్లు అవే కారణం.

ఖర్చుల విషయం. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఆధార్ ఉంటే చాలు, వెంటనే చేయించు. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలవారీ మందులకి, ఇంట్లో పెట్టుకునే ఆయాకి రాదు. అసలు డబ్బు కరిగేది అక్కడే. ఇల్లు అమ్మిన డబ్బంతా డిపాజిట్‌లో పెట్టేస్తే రేపు ఆయాకి ఇవ్వడానికి ఆమె చేతిలో ఏం మిగులుతుంది?

పేరు వద్దు:

ఆ రాయించుకోవడం గురించి ఒక్క మాట. అమ్మ బతికుండగా ఇల్లు అమ్మ పేరనే ఉండనివ్వండి. కావాలంటే వీలునామా రాయమనండి, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాయక తప్పదంటే, అమ్మను చూసుకోవాలన్న షరతు అందులోనే స్పష్టంగా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉన్నది ఇందుకే. షరతు తప్పితే ఆర్డీఓ దగ్గరున్న ట్రిబ్యునల్‌లో డీడ్ రద్దు చేయించుకోవచ్చు. మీ తమ్ముడి మీద అనుమానంతో చెప్పడం లేదు. మంచి పిల్లలే రాయించుకున్న ఇళ్లు తర్వాత అప్పులకో విడాకులకో ఇరుక్కోవడం దగ్గర్నుంచి చూశాను. పెద్దవాళ్ల సహాయానికి 14567 అనే ఉచిత నంబర్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. రాత్రి పడితే మాత్రం 108కే చేయాలి.

తెనాలి ఆడపడుచు:

అందరికీ పేరుపేరునా దండాలు. ఆదివారం తెనాలి వెళ్లాను. నర్సమ్మగారూ, మీరన్నట్టే తలుపు లోపలికే తెరుచుకుంటోంది. అమ్మ ఆరోజు తలుపుకి పక్కగా పడింది కాబట్టి సరిపోయింది. లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటావని అడిగితే కుళాయి చూపించింది. పట్టి చూస్తే గోడలో వదులుగా కదులుతోంది. వడ్రంగి వచ్చి తలుపు మార్చాడు, కమ్మీ కూడా బిగించారు. కార్డుకి ఆధార్ తీసుకెళ్లి ఇచ్చొచ్చాను.

రాత్రి తమ్ముడితో వీడియో కాల్‌లో కూకట్‌పల్లి ఆయన రాసినదంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "ఇల్లు అమ్మ పేరనే ఉండనీ అక్కా" అన్నాడు. ఆ సీనియర్ లివింగ్‌లో ముందు నెల రోజులు అద్దెకు ఉండనిస్తారట. అమ్మే ఉండి చూసి తనే చెబుతుంది. నేను అగ్రిమెంట్ కాపీ అడిగాను, ఇంకా పంపలేదు.

అప్పటిదాకా రాత్రిళ్లు ఇంట్లో పడుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. పక్కింటి పిన్నిగారు తనకు తెలిసిన ఒకావిడ గురించి చెప్పారు, భర్త లేడట, యాభై ఏళ్లుంటాయట. తెనాలి, గుంటూరు వైపు ఇలా మనిషిని పెట్టుకున్నవాళ్లు నెలకి ఎంత ఇస్తున్నారు? సెలవులు, భోజనం ఎలా మాట్లాడుకున్నారు? ఆవిడకీ ఇబ్బంది లేకుండా చూడాలి.