చావు ఇంట్లో దోపిడీ: మీకు ఎదురైనవి చెప్పండి

మూసీ ఒడ్డు:
మా పెదనాన్న పోయిన వారం కాలం చేశారు. ఆస్పత్రి గేటు దగ్గరే ఒకాయన ఎదురొచ్చి "అంతా మేం చూసుకుంటాం సార్, ప్యాకేజీ" అన్నాడు. బండి, ఫ్రీజర్ బాక్స్, పాడె సామాను, కట్టెలు, అయ్యగారు అన్నీ అందులోనే అన్నాడు. ఆ పూట బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? తీరా శ్మశానానికి వెళ్తే కట్టెలకు వేరే, కాటికాపరికి వేరే. పైగా బండి బిల్లు మీద 18 శాతం జీఎస్టీ!

గోదారి గట్టు:
జీఎస్టీనా? అంత్యక్రియలు, ఖననం, శ్మశానం, మార్చురీ సేవలు, శవాన్ని తరలించే బండితో సహా, జీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్లో ఉన్నాయండీ. అవి పన్ను పరిధిలోకే రావు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా, చూడండి.

మూసీ ఒడ్డు:
ఇప్పుడే తీసి చూశా. నంబరే లేదు.

ఓరుగల్లు పిల్ల:
కట్టెల సంగతి నేను చెప్తా. క్వింటా లెక్కన అమ్ముతారు కదా, పచ్చి కట్టె అయితే తూకం బాగా వస్తుంది, కానీ సరిగ్గా అంటుకోదు. అప్పుడు డీజిల్, నెయ్యి, చక్కెర అంటూ మళ్లీ చేయి చాపుతారు. మా తాత పోయినప్పుడు మా బాబాయి కాటా దగ్గరే నిలబడ్డాడు. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. ఎండినదైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే ధబ్‌మంటుంది. రెండోసారి ధబ్‌మనగానే అమ్మేవాడే "ఆ వెనక గుట్టలోంచి ఇస్తా అన్నా" అన్నాడు. ఇలాంటి పనికి కొడుకులు, కూతుళ్లు వద్దు. కాస్త దూరపు చుట్టాన్ని, నోరున్న మనిషిని పంపండి.

కాటి పక్క వీధి:
అందరినీ ఒకే గాటన కట్టకండి. మా వీధి చివరే శ్మశానం, అక్కడ పనిచేసే ఆయనకు నెల జీతమంటూ ఏమీ లేదు. శవం వస్తేనే పూట గడుస్తుంది. ముందే "ఎంత, అందులో ఏమేమి" అని అడిగితే చెప్తాడు. ఏమీ అడగకుండా చివర్లో గొడవపడతారు జనం. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఇంట్లో పోయినవాళ్లకు మరణ ధ్రువపత్రం కావాలంటే చాలాచోట్ల అదే అడుగుతారు.

బిల్లింగ్ కౌంటర్:
ఆ ధ్రువపత్రం దగ్గర ఇంకో దందా ఉంది. "సర్టిఫికెట్ నేను తెప్పిస్తా" అని వేలు లాగే బ్రోకర్లు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆస్పత్రిలో పోతే నమోదు చేయించాల్సింది ఆస్పత్రే. ఏడాది దాటితేనే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, లేకపోతే బీమా దగ్గర తిప్పలు.
ఇంకో మాట. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపడానికి వీల్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. పదేళ్లు కౌంటర్లో కూర్చున్నదాన్ని, ఆ పత్రం పేరెత్తగానే గొంతులు ఎలా తగ్గుతాయో చూశాను.

సీమ బిడ్డ:
సర్కారు దవాఖానాలో పోతే ఉచిత బండి అడగండి. ఏపీలో మహాప్రస్థానం, తెలంగాణలో పార్థివ వాహనం. గేటు బయటి ప్రైవేటోళ్లు ఆ మాట చెప్పరు. 2022 ఏప్రిల్లో తిరుపతి రుయా ఆస్పత్రిలో ఏం జరిగిందో గుర్తుందిగా? బయటి నుంచి పిలిపించుకున్న అంబులెన్సును అక్కడి అంబులెన్సు డ్రైవర్లు రానివ్వలేదు. తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని బైకు మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకుపోయాడు.

దుబాయ్ కార్మికుడు:
ఇక్కడ ఎవరైనా పోతే ఊళ్లో ఏజెంటు ఇంటివాళ్ల దగ్గర లక్షలు అడుగుతున్నాడు. కంపెనీ పనిలో ఉన్న మనిషైతే శవాన్ని పంపే ఖర్చు యూఏఈ చట్టం ప్రకారం యజమానిదే. దిక్కు లేనివాళ్లకు కాన్సులేట్‌లో సంక్షేమ నిధి ఉంది. ముందు కాన్సులేట్‌కు ఫోన్ చేయండి, ఏజెంటుకు కాదు.

మూసీ ఒడ్డు:
చాలా మేలు చేశారు. పన్నెండో రోజు దానాలకు అయ్యగారు పెద్ద చీటీ ఇచ్చారు, అదెలా?

గోదారి గట్టు:
మా రేవులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే ఆవు గోదానం అవుతుంది. మంచం, పరుపు కూడా సాయంత్రానికి మళ్లీ అదే కొట్లో కనిపిస్తాయి! చీటీలో ఏది తప్పనిసరో, ఏది యథాశక్తో టిక్కు పెట్టి ఇమ్మనండి. ధర కుదిరాకే సంభావన అడ్వాన్సు ఇవ్వండి.