చదరంగం పద్యంలో ‘అబ్ధి’ నాలుగా, ఏడా?

ప్రశ్న (మారతహళ్ళి):
అందరికీ నమస్కారమండీ. పాతకాలపు తెలుగు గణితకవి పావులూరి మల్లనదని చెప్పే చదరంగం గళ్ళ పద్యం మా అమ్మాయికి నేర్పిస్తున్నాను. గడిగడికీ గింజలు రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకీ వచ్చే మొత్తాన్ని, ఒక్కో అంకెకి ఒక్కో మాట పెట్టి చెప్పే పద్యమిది.

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్నిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశు సంఖ్యకు...

అబ్ధి, పయోనిధి రెండూ సముద్రాలే కదా, సముద్రాలేమో ఏడంటారు. మరి ఇక్కడ 7 వేయాలా?

జవాబు (జయనగర్):
4 వేయండమ్మా. అంకెల పద్యాల్లో సముద్రమంటే మామూలుగా నాలుగు దిక్కుల సముద్రాలే. ఏడుకి కొండలున్నాయి: నగ, భూధర, గిరి. మూడూ ఈ పద్యంలోనే వచ్చాయి. వియన్నగ దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. అది వియత్ + నగ, అంటే సున్నా, ఏడు. అగ్ని 3, తర్కం 6, రంధ్రం 9, బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్ణుంచి ఎడమకు రాసుకుపోవాలి. వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615.

జవాబు (మల్లేశ్వరం):
మాస్టారు చెప్పింది లెక్కతోనూ తేల్చుకోవచ్చు. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు. 64 గళ్ళ మొత్తమంటే, ఒకటిని 64 సార్లు రెట్టించి అందులోంచి ఒకటి తీసేసినంత. రెట్టించేకొద్దీ 9తో భాగిస్తే మిగిలే శేషాలు 2, 4, 8, 7, 5, 1. మళ్ళీ అవే వస్తాయి. 64లో పది చుట్లు పోగా నాలుగోది 7, ఒకటి తీస్తే 6. ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే మిగిలే శేషం, దాని అంకెల మొత్తాన్ని భాగిస్తే మిగిలేదీ ఒకటే. పద్యంలో అంకెలన్నీ కూడండి: 87, అంటే 15, అంటే 6. సరిపోయింది! రెండు సముద్రాలకూ 7 వేస్తే మొత్తం 93, శేషం 3. ఒక్కదానికే వేస్తే 90, శేషం సున్నా. ఎలా చూసినా 7 నిలవదు.

ఈ సంఖ్య కారణాంకాలు చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. అన్నీ ప్రధాన సంఖ్యలే. ‘శర’ అనగానే చివర 5 ఉందనీ, 5తో భాగం పోతుందనీ తెలిసిపోతుంది. 641నీ 6700417నీ గుణిస్తే 4294967297. గణితవేత్త ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ విడగొట్టి చూపించాడు. మన పద్యంలోని సంఖ్య ఆ ముక్కలు రెంటినీ తనలో పెట్టుకునే ఉంది.

జవాబు (జయనగర్):
చాలా బాగా చెప్పారు. మల్లన తెలుగు చేసింది మహావీరాచార్యుడి గణితం. 9వ శతాబ్దం నాటి ఆ గ్రంథం మొదట్లోనే అమోఘవర్ష నృపతుంగుడి స్తుతి ఉంటుంది. మన బెంగళూరు నృపతుంగ రోడ్డు ఆ రాజు పేరిటిదే, అమ్మాయికి అదీ చెప్పండి.

ప్రశ్న (మారతహళ్ళి):
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మా అమ్మాయి రాస్తే 19 అంకెలే వస్తున్నాయి, ఎక్కడ పోయిందో?

జవాబు (మల్లేశ్వరం):
20 రావాలమ్మా. వియత్ సున్నా వదిలేసుంటుంది, అక్కడ చూడమనండి.