కూలర్ గదిలో ఉన్నా బాల్ పైథాన్‌కు తేమ చాలడం లేదు, కుబుసం ముక్కలుగా ఊడుతోంది

నయీంనగర్ పైథాన్:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. నా దగ్గర ఒక ఆడ బాల్ పైథాన్ ఉంది. చలికాలం దాకా కుబుసం మేజోడు విప్పినట్టు ఒకే తొడుగుగా విడిచేది. ఈసారి ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక చివర ఒక రింగు మిగిలిపోయింది. కుడి కన్ను టార్చ్ వెలుగులో ముడతలు పడ్డట్టు కనిపిస్తోంది, పాత పొర అక్కడే ఉండిపోయిందేమో.

మూడడుగుల గాజు ట్యాంక్, పైన జాలీ మూత, ఒక మూల 60 వాట్ల బల్బు, కింద న్యూస్‌పేపర్. లోపల అంటించిన ముల్లు మీటర్ తేమ 60 శాతం చూపిస్తోంది. గదిలో పగలంతా కూలర్ నడుస్తుంది, బీరువాలో బట్టలు కూడా చెమ్మ వాసన కొడుతున్నాయి. ఇంత తేమలో పాముకు తేమ తక్కువ కావడమేంటి? పొద్దున, సాయంత్రం స్ప్రే కూడా కొడుతున్నా. మా అమ్మేమో బకెట్ నీళ్లలో వేసెయ్ అంటోంది. కంటి మీది పొర ట్వీజర్‌తో తీయొచ్చా?

కరీంనగర్ కాక:

ట్వీజర్ కంటి దరిదాపులకు తేకు తమ్మీ. పాముకు కనురెప్పలు ఉండవు, వాటి బదులు కంటిని కప్పుతూ పారదర్శకమైన పొలుసు ఉంటుంది. పాతదనుకుని కొత్త పొలుసు లాగావంటే కన్నే పోతుంది. తేమ సరిచేస్తే చాలాసార్లు తర్వాతి కుబుసంతో అదే వచ్చేస్తుంది.

తోక సంగతి మాత్రం వదిలేయొద్దు. ఆ రింగు ఎండి బిగుసుకుంటే రక్తం అందక తోక కొస చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన టవల్‌ను గాలి రంధ్రాలున్న డబ్బాలో వేసి, పామును అరగంట అందులో ఉంచు. దగ్గరే కూర్చో. తర్వాత తడిగుడ్డతో తోకను మెల్లగా పట్టుకుంటే పామే జారుకుంటూ పోతుంది, రింగు గుడ్డలో మిగులుతుంది. బకెట్ అక్కర్లేదని అమ్మకు చెప్పు.

ఇక కూలర్ లెక్క. గదిలో 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉందనుకో. అదే గాలిని నీ బల్బు 34 డిగ్రీలకు వేడి చేస్తే, నీటి బొట్టు ఎక్కడికీ పోకుండానే అది 43 శాతానికి దిగుతుంది. పైగా జాలీ మూత, ఉన్న తేమంతా బల్బు వేడితో పాటు పైకి పోతుంది. న్యూస్‌పేపర్ నీళ్లు పట్టి ఉంచదు, కాబట్టి నువ్వు కొట్టే స్ప్రే కాసేపటి ముచ్చటే.

జాలీని మూడింట రెండు వంతులు అల్యూమినియం ఫాయిల్‌తో మూసెయ్, బల్బు ఉన్న చోటు వదిలి. కింద ఎరువు కలపని కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, రెండు మూడు అంగుళాలు పరుచు. నీళ్లు మూలల్లో పొయ్యి, అడుగు పొర తడిగా, పైపొర పొడిగా ఉండాలి. ఐస్‌క్రీమ్ డబ్బాకు పాము పట్టేంత రంధ్రం చేసి, తడిపి బాగా పిండిన స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పట్టి ఉంచే నాచు) నింపి వెచ్చని వైపు పెట్టు. మాస్ ఆర్కిడ్ మొక్కలమ్మే నర్సరీల్లో దొరుకుతుంది. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం దగ్గర పడ్డట్టే, అప్పుడు తేమ 70 శాతం దాటనీ. మామూలు రోజుల్లో 55 నుంచి 65 చాలు.

బల్బుకు థర్మోస్టాట్, అంటే వేడి ఎక్కువైతే దాన్ని ఆపేసేది, ఉందా? అది చెప్పలేదు. మన మే నెలలో కూలర్ ఆగితే గదే 38కి పోతుంది. దాని మీద బల్బు కూడానా!

కాజీపేట జంక్షన్:

కాక చెప్పినవి ఎండాకాలానికి కరెక్టే, నాకు భయం జూలైది. ముసురు పట్టినప్పుడు ఆ ఫాయిల్ అలాగే ఉంచితే గాజు మీద నీళ్లు కారతాయి. కోకోపీట్ పైదాకా తడిసి పొట్ట కింది పొలుసులు ఎర్రబడతాయి, పుళ్లు పడతాయి. గాలి ఆడక ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీసినా, గురగురమన్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా ఆగొద్దు, డాక్టర్ దగ్గరికే. కూలర్ గాలి నేరుగా ట్యాంక్‌కు కొట్టనీయకు.

ఆ ముల్లు మీటర్‌ను నేనైతే నమ్మను. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి మూసెయ్. ఎనిమిది గంటల తర్వాత 75 చూపించాలి.

ములుగు రోడ్:

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో పామును రిజిస్ట్రేషన్ చేశారా? బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, పశ్చిమ ఆఫ్రికాది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం వీటి వివరాలు నమోదు చేయాలి. మన కొండచిలువనైతే 1972 నాటి ఆ చట్టం కింద అసలు పెంచుకోకూడదు.

నయీంనగర్ పైథాన్:

రిజిస్ట్రేషన్ ఉందండి, కొన్నప్పటి కాగితాలు కూడా ఉన్నాయి. థర్మోస్టాట్ ఉంది కాకా, 32 దగ్గర ఆగుతుంది. టవల్‌తో తోక రింగు వచ్చేసింది! ఉప్పు పరీక్షలో మీటర్ 88 చూపించింది.

కరీంనగర్ కాక:

13 ఎక్కువ. అంటే నీ 60 అసలు 47 అటూ ఇటూ. ముల్లు మీటర్ తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు, అందుకని తీసేసి లెక్క వేసుకోకు. ప్రోబ్ (తీగ చివర సెన్సర్) ఉన్న డిజిటల్‌ది కొని, ప్రోబ్‌ను చల్లని వైపు కోకోపీట్‌కు కాస్త పైన పెట్టు. దానికీ ఉప్పు పరీక్ష చెయ్. తర్వాతి కుబుసానికి కూడా కన్ను అలాగే ఉంటే మామునూరు వెటర్నరీ కాలేజీలో అడుగు, పాములు చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని వెళ్లు.