కమ్యూనిటీ హాల్లో శాంతి కమిటీ పెడితే గొడవలు తగ్గుతాయా?

కొర్లగుంట అబ్బాయి:
మొన్న గంగమ్మ జాతరప్పుడు మా కాలనీలో బైకు తగిలిందని మొదలైన గొడవ కట్టెలు ఎత్తుకునేదాకా పోయింది, ఇద్దరు పిల్లోళ్ళకి తలలు పగిలినాయి. అప్పట్నించి కొందరం అనుకుంటా వుండాం, ఉత్త పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ తెరిచే కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున ఒక శాంతి కమిటీ కూర్చుంటే బాగుంటుందని. స్టేషన్‌కి పోకముందే అక్కడ మాట్లాడుకోవడం, కుర్రోళ్ళకి అహింస గురించి నాలుగు మాటలు చెప్పడం. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
మంచి ఆలోచన నాయనా. 1922లో చౌరీచౌరాలో పోలీసుల్ని తగలబెట్టినారని గాంధీగారు దేశమంతా నడుస్తున్న ఉద్యమాన్నే ఆపేసినారు, అంత గట్టిగా పట్టుకోవాలి అహింసని. కోపమొచ్చినోడు ఒక గంట ఆగితే సగం గొడవలు జరగవు. కమిటీలో కూర్చోడానికి నేను రెడీ.

చంద్రగిరి ఆటో:
హాల్ బాడుగ ఎవరు కడతారు సార్? కరెంటు బిల్లు?

పీలేరు పిల్ల:
కమిటీలో ఆడోళ్ళు ఎంతమంది? ఎందుకడుగుతాండానంటే మా అక్కని మొగుడు కొడతా వుంటే మూడు తూర్లు పంచాయితీ పెట్టినారు, మూడు తూర్లూ ఒకటే మాట, సర్దుకుపోమ్మా అని. మూడోసారి అక్క కుడిచేతికి సిమెంటు కట్టు వుండాది, ఎడమచేత్తోనే ఆ పెద్దమనుషులకి కాఫీ గ్లాసులు అందించింది. తాగి వెళ్ళిపోయినారు. దాన్ని కూడా శాంతి అనే అన్నారు.

రిటైర్డ్ మాస్టారు:
అది ఆ మనుషుల తప్పు తల్లీ, పద్ధతి తప్పు కాదు. కోర్టుకి పోతే ఏమవుతుందో నాకు తెలుసు, మా పొలం గట్టు కేసు పదకొండేళ్ళు నడిచింది, గెలిచేసరికి మా అన్నదమ్ములకి మాటల్లేవు. ఇప్పటికీ లేవు. ఎవరో ఒకరు అప్పుడే కూర్చోబెట్టి వుంటే!

లా చదువుతాండా:
రెండూ కలపొద్దు సార్. గట్టు తగాదా, బాకీ, బైకు డ్యామేజీ మాట్లాడుకోవచ్చు. దానికి 1987 న్యాయసేవల చట్టం కింద రాజీ కుదిర్చే లోక్ అదాలత్ కూడా వుండాది, అక్కడ రాజీ అయితే సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం. కానీ చట్టప్రకారం రాజీకి వీల్లేని నేరాల్ని లోక్ అదాలతే ముట్టుకోకూడదు. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు అట్లాంటివే. అక్కడే కుదరనిది మన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటే ఎట్ల కుదురుతుంది? ఆడోళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు. హాల్లో ఆ నంబరు రాసిపెట్టండి ముందు.

చంద్రగిరి ఆటో:
బాడుగ సంగతి ఎవ్వరూ చెప్పలా.

రిటైర్డ్ మాస్టారు:
ప్రతిదానికీ కేసు కేసు అంటే కాలనీ రెండు ముక్కలవుతుంది. అయినా ఎస్సీ కేసు మాట ఇక్కడ ఎవరెత్తినారు? జాతర గొడవలో కులం లేదు.

హాల్ వెనక వీధి:
నేనెత్తుతా సార్. పొద్దుట్నించి చదువుతా ఊరికే వుండా. తల పగిలినోళ్ళలో ఒకడు మా తమ్ముడు. బైకు తగిలింది నిజమే, కానీ వాడు సారీ చెప్పినాక కులం పేరు పెట్టి తిట్టినారు, కట్టెలు ఆ తర్వాత. తెల్లారి మీవాళ్ళు నలుగురు మా ఇంటికొచ్చి ఆస్పత్రి ఖర్చు ఇప్పిస్తాం కేసు వద్దన్నారు, మా తమ్ముణ్ణి ఏం జరిగిందని ఒక్కరూ అడగలా. బాడుగ అడిగిన అన్నా, మాకు బాడుగదాకా కూడా రాలా. మా నాయన దినాలకి హాల్ అడిగితే తాళంచెవి కనబళ్ళేదన్నారు, సాయంత్రం అదే హాల్లో ఎవరిదో సీమంతం. మేము వానలో షామియానా కింద బంతి పెట్టినాం, ఇస్తరాకుల్లో సాంబారు కంటే నీళ్ళే ఎక్కువ. కారంచేడులో 1985లో మాదిగలు తాగే నీళ్ళ దగ్గర గేదెల్ని కడగొద్దన్నందుకు మొదలై ఆరుగుర్ని చంపేసినారు. అహింస ఎవరికి చెప్పాలి సార్, దెబ్బలు తిన్నోళ్ళకా?

రిటైర్డ్ మాస్టారు:
నన్ను కులపిచ్చోడంటావా? ముప్పై ఏళ్ళు మీ పిల్లోళ్ళకి చదువు చెప్పినా!

హాల్ వెనక వీధి:
మీ పిల్లోళ్ళు, మా పిల్లోళ్ళు. అదే సార్ నేను చెప్పేది.

పీలేరు పిల్ల:
మాస్టారూ, 1992లో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకునే ఆడోళ్ళే సారా అంగడి మూయించినారు. కత్తి పట్టలా, అట్లని సర్దుకోనూ లేదు. అది జిల్లాలు దాటి 1993లో సారా నిషేధం దాకా పోయింది. అహింస అంటే నాకు అదీ. హాల్లో దెబ్బలు తిన్నోళ్ళు ముందు నోరు విప్పాలి, తీర్పులు చెప్పేవాళ్ళు మనకు చాలామందే వుండారు.

కొర్లగుంట అబ్బాయి:
అన్నా, మీ ఇంటికొచ్చిన నలుగుర్లో నేనూ వుండా. ఖర్చు ఇప్పిస్తే మంచి చేసినట్టే అనుకున్నా. అడగాలని కూడా తోచలా, నాదే తప్పు. నువ్వు కేసు పెట్టుకో, ఆ రోజు నేను చూసింది చూసినట్టు స్టేషన్లో చెప్తా.

రిటైర్డ్ మాస్టారు:
తాళంచెవి విషయం నాకు నిజంగా తెలీదు, బుకింగ్ రిజిస్టరు చూస్తా. కమిటీ వద్దంటే మాత్రం ఒప్పుకోను.

హాల్ వెనక వీధి:
నవంబరు 14, ఆ పేజీ చూడండి సార్. రెండో తాళంచెవి చేయించి మా వీధిలో పెట్టండి, కమిటీ గురించి అప్పుడు మాట్లాడదాం.