పోయిన అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో మీ పిక్స్ (ఎవరు గెలుస్తారన్న అంచనాలు) వెనక్కి తిరిగి చూసుకున్నారా? కాలేజీ, ఎన్ఎఫ్ఎల్ రెండింటి అనుభవాలూ చెప్పండి

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ నమస్కారం. ఇంకో మూడు వారాల్లో 2025 కాలేజీ సీజన్ మొదలు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక 2024 పిక్స్ షీట్ తెరిచి కూర్చున్నాను. మా ఆఫీసు పూల్‌లో (అంచనాల పోటీలో) వారానికి పది కాలేజీ మ్యాచ్‌లు, ఆ వారం ఉన్న ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌లన్నీ ఎవరు గెలుస్తారో చెప్పాలి. కాన్ఫిడెన్స్ పాయింట్లు కూడా ఉంటాయి. ఏ మ్యాచ్ మీద ఎంత నమ్మకమో దానికి అంత పెద్ద అంకె. తప్పులు పోవడం మామూలే. కానీ పెద్ద అంకె పెట్టినవే ఎందుకు పోయాయా అని చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆగస్టు 31న నోటర్ డేమ్ మా టెక్సస్‌కి వచ్చి, కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎంని 23-13తో ఓడించింది. ఫ్రెండ్ దగ్గర టికెట్ ఉంటే ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. లక్షమంది అరుస్తుంటే నోటర్ డేమ్ డిఫెన్స్ చెక్కుచెదరలేదు. సరిగ్గా వారం తర్వాత వాళ్ల సొంత గ్రౌండ్‌లో నార్దర్న్ ఇల్లినాయ్‌తో మ్యాచ్. కళ్లు మూసుకుని అన్నిటికన్నా పెద్ద అంకె పెట్టాను. 16-14తో నార్దర్న్ ఇల్లినాయ్ గెలిచింది.

అక్టోబర్ 5న మళ్లీ అదే. అంతకుముందు శనివారం అలబామా 41-34తో జార్జియాని కొట్టి ఒకటో ర్యాంకుకి వెళ్లింది. తర్వాతి మ్యాచ్ వాండర్‌బిల్ట్‌తో. ఆ వాండర్‌బిల్ట్ మూడు వారాల ముందు జార్జియా స్టేట్ చేతిలో ఓడింది, టాప్ 5 టీముల మీద అప్పటిదాకా 60 ఆడి 60 పోగొట్టుకుంది. 40-35తో వాండర్‌బిల్ట్ గెలిచింది. నాష్‌విల్‌లో కుర్రాళ్లు గోల్‌పోస్ట్ పీకి ఊరేగించి కంబర్లాండ్ నదిలో వేశారు.

రెండుసార్లూ నేను ముందు వారం కళ్లతో చూసిన గెలుపుకి ఓటేశాను, ఆ వారం మ్యాచ్ గురించి ఆలోచించనే లేదు. మీ షీట్లలో ఏం కనిపించింది?

కొలంబస్_అక్క:
తమ్ముడూ, నాకైతే నవంబర్ 30 ఇంకా గుండెల్లో ఉంది. ఓహాయో స్టేట్, మిషిగన్. మావాళ్లు, అంటే ఓహాయో స్టేట్, దాదాపు 20 పాయింట్ల ఫేవరెట్ (అంత తేడాతో గెలుస్తారని అంచనా). మిషిగన్‌కి అప్పటికే అయిదు ఓటములు, ముఖ్యమైన ఆటగాళ్లు ఇద్దరు బరిలో లేరు. వరసగా మూడేళ్లు వాళ్ల చేతిలో ఓడాం కాబట్టి ఈసారి కసిగా ఆడతారనుకున్నాను. 13-10తో నాలుగోసారి కూడా ఓడాం. ఆ చలిలో స్టేడియం నుంచి కారు దాకా మా ఆయనా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నా అసలు తప్పు తర్వాత జరిగింది. కోపంతో ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ పోటీ) పిక్స్‌లో ఓహాయో స్టేట్‌ని మొదటి రౌండ్‌లోనే ఓడించేశాను. వాళ్లేమో టెనెసీని 42-17, ఆరిగన్‌ని 41-21, టెక్సస్‌ని 28-14 కొట్టి, ఫైనల్లో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. మా ఇంట్లో అందరూ పండగ చేసుకుంటుంటే నా పిక్స్ షీట్ మొత్తం తప్పులు చూపించే ఎరుపు.

లెక్కల_మాస్టారు:
ఇక్కడ ఒక విషయం గమనించండి. 2025 జనవరి 20న అట్లాంటాలో ఫైనల్ ఆడిన రెండు టీములూ అదే సీజన్‌లో ఎవరూ ఊహించని ఓటమి చూసినవే. నోటర్ డేమ్‌కి నార్దర్న్ ఇల్లినాయ్, ఓహాయో స్టేట్‌కి మిషిగన్. ఆ ఓటమి తర్వాతి శనివారమే నోటర్ డేమ్ పర్డ్యూని 66-7తో కొట్టింది. ఫ్రిస్కో_నాన్న గారు ఒక గెలుపుని ఎక్కువ నమ్మారు, అక్క గారు ఒక ఓటమిని ఎక్కువ నమ్మారు. రెండూ ఒకే పొరపాటు.

"పెద్ద గెలుపు తర్వాతి వారం జాగ్రత్త" అని మాత్రం సూత్రం పెట్టుకోవద్దు. పెద్ద గెలుపు తర్వాత మామూలుగా గెలిచిన టీములు షీట్ నిండా ఉంటాయి. అవి ఆకుపచ్చ రంగులో ఉంటాయి కాబట్టి మనకి గుర్తుండవు.

ఆన్‌ఆర్బర్_పాతకాపు:
మాస్టారు గారి మాటకి నా వంతు. 2007లో నేను మిషిగన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. సెప్టెంబర్ 1న అయిదో ర్యాంకులో ఉన్న మేము అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడాం. కింది డివిజన్ టీము అది. చివర్లో మా ఫీల్డ్ గోల్‌ని (గోల్‌పోస్ట్‌ల మధ్యకి బంతి తన్నడాన్ని) వాళ్లు బ్లాక్ చేసిన క్షణం స్టేడియంలో వినిపించిన నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తే. "ఒక్క మ్యాచే కదా, పొరపాటున జరిగింది" అని తర్వాతి వారం మళ్లీ మిషిగన్‌నే పిక్ చేశాను. ఆరిగన్ వచ్చి 39-7తో కొట్టింది. కాబట్టి కొన్నిసార్లు ఒక్క ఓటమే నిజం చెబుతుంది. ఆ టీమే సీజన్ చివర ఫ్లోరిడాని ఓడించిందనుకోండి.

ఆ ఏడాదంతా అంతే. 41 పాయింట్ల తేడాతో ఓడుతుందనుకున్న స్టాన్‌ఫర్డ్ 24-23తో యూఎస్‌సీని ఓడించింది. చివరి శనివారం రాత్రి ఒకటో ర్యాంకు మిజూరీ, రెండో ర్యాంకు వెస్ట్ వర్జీనియా రెండూ ఓడాయి. రెండు ఓటములున్న ఎల్ఎస్‌యూ ఛాంపియన్ అయింది. ఆ సీజన్ పిక్స్ రాసుకున్న నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది.

ఎడిసన్_బాబాయ్:
మీరంతా కాలేజీ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆదివారమే ముఖ్యం. మా ఊళ్లో తెలుగువాళ్లం కలిసి సర్వైవర్ పూల్ ఆడతాం. వారానికి ఒక్క టీము, అది గెలవాలి, ఒకసారి వాడిన టీముని మళ్లీ వాడకూడదు. ఓడితే ఇంటికే. 2024లో మొదటి వారమే మాలో చాలామంది పోయారు. అందరూ సిన్సినాటి బెంగాల్స్ అన్నారు, న్యూ ఇంగ్లండ్ 16-10తో గెలిచింది. బతికిన కొద్దిమంది రెండో వారం బాల్టిమోర్ రేవెన్స్ అన్నారు. రెయిడర్స్ 26-23తో గెలిచింది. అంతకుముందు ఏడాది మూడో వారం నన్ను ముంచింది డాలస్. అరిజోనా చేతిలో 28-16.

నేను నేర్చుకున్నది ఇది. సెప్టెంబర్‌లో మనం పిక్ చేసేది ఈ ఏటి టీముని కాదు, పోయినేటి టీముని. కొత్త కోచ్, కొత్త లైన్ (ముందు వరసలో అడ్డుకునే ఆటగాళ్లు), గాయం నుంచి కోలుకుంటున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు), ఇవేవీ పేరులో కనిపించవు. మొదటి మూడు వారాలు పేరు పక్కన పెట్టి, ఎవరు ఆడుతున్నారో చూడండి.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
నేను అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు. క్లయింట్ టీమ్ వాళ్లు పూల్‌లో చేర్చుకుంటే ఆట నేర్చుకున్నాను. 2022 డిసెంబర్ 17, శనివారం రాత్రి మనకి పదకొండున్నరకి మ్యాచ్. మినసోటా వైకింగ్స్‌ని పిక్ చేశాను. హాఫ్‌టైమ్‌కి ఇండియానాపొలిస్ 33, మినసోటా సున్నా. బాధతో ఫోన్ పక్కన పడేసి పడుకున్నాను. పొద్దున చూస్తే వైకింగ్స్ ఓవర్‌టైమ్‌లో 39-36తో గెలిచారు. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలోనే అంత వెనకబడి గెలిచినవాళ్లు లేరట.

షీట్‌లో అది ఆకుపచ్చే. కానీ ఆ పిక్ సరైనదని నేను అనుకోను. ఆకుపచ్చలన్నీ మన తెలివి కాదని ఆ రోజు అర్థమైంది.

భీమవరం_టు_హ్యూస్టన్:
మా తాతగారు సంక్రాంతి బరిలో కోడిని కుక్కుట శాస్త్రం చూసే వదిలేవారు. డేగా, కాకా, నెమలా, ఆ రోజు ఏ వారం, ఏ దిక్కు. ఓడిపోయినా శాస్త్రాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు, తను చూడటంలో పొరపాటు జరిగిందనేవారు. నేను టర్నోవర్లు (బంతి అవతలివాళ్లకి పోవడం), థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం) లెక్కలు చూసేటప్పుడు ఆయనే గుర్తొస్తారు. పిక్ తప్పు పోతే నేనూ ఇంకో అంకె చేర్చుకుంటూ పోయాను. పోయినేడు నా షీట్‌లో కాలమ్‌లు ఎన్ని పెరిగినా పిక్స్ బాగుపడలేదు. బంతి ఎటు ఎగురుతుందో ఏ కాలమ్ చెప్పదు. ఇప్పుడు నేను చూసేవి రెండే: క్వార్టర్‌బ్యాక్ ఆడుతున్నాడా, అతన్ని కాపాడే లైన్‌లో ఎవరైనా గాయపడ్డారా.

ఎడిసన్_బాబాయ్:
హోమ్ గ్రౌండ్ గురించి కూడా చెప్పాలి. సొంత గ్రౌండ్ అంటే మూడు పాయింట్లు కలుపుకోమని పాత లెక్క. 2020లో కరోనా వల్ల స్టేడియాలు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ఎఫ్ఎల్‌లో సొంత టీములు 127 గెలిచి, 128 ఓడి, ఒకటి టై చేశాయి. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. ఆ సీజన్ సగం దాకా పాత లెక్కే పట్టుకుని కూర్చున్నాను. కాలేజీలో మాత్రం సొంత గ్రౌండ్‌కి నేనిప్పటికీ బాగా విలువిస్తాను. అక్కడ ఆడేది ఇరవై ఏళ్ల పిల్లలు, ఆ అరుపులకి టెన్షన్ పడతారు.

పేరు_వద్దు:
నా అనుభవం వేరు, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. 2018 మేలో రాష్ట్రాలు ఆటల పందేలని అనుమతించుకోవచ్చని అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక మా రాష్ట్రంలో ఫోన్‌లోనే పందేలు మొదలయ్యాయి. ఆఫీసు పూల్‌లో బాగా చెబుతున్నానని ఒక యాప్‌లో స్ప్రెడ్ మీద డబ్బు పెట్టాను. స్ప్రెడ్ అంటే గెలిస్తే చాలదు, ఎంత తేడాతో అన్నదే లెక్క. అదే ఏడాది జనవరిలో మినసోటా, న్యూ ఆర్లీన్స్ ప్లేఆఫ్ మ్యాచ్ గుర్తుందా? చివరి బంతికి వైకింగ్స్ ఆటగాడు డిగ్స్ 61 గజాల టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం). 29-24. చాలాచోట్ల లైన్, అంటే వైకింగ్స్ గెలవాల్సిన తేడా, అయిదున్నర. గెలిచేశాం కదా అని వైకింగ్స్ టచ్‌డౌన్ తర్వాత వచ్చే ఎక్స్‌ట్రా పాయింట్ కొట్టకుండా మోకాలు నేలకి ఆనించి ముగించేశారు. ఆ ఒక్క పాయింట్‌తో పందేలన్నీ తారుమారు.

మామూలుగా 100 గెలవాలంటే 110 పెట్టాలి. అంటే వందకి 52 దాటి సరిగ్గా చెబితేనే అసలు నిలుస్తుంది. నేను సగానికి పైనే సరిగ్గా చెప్పాను, అయినా డబ్బు పోయింది. దానికన్నా బాధ ఏమిటంటే, మ్యాచ్ చూడటంలో ఆనందం పోయింది. మా అబ్బాయి టచ్‌డౌన్ అని గంతులేస్తుంటే నేను తేడా లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ యాప్ తీసేసి మూడేళ్లయింది. ఇప్పుడు వాడూ నేనూ ఫ్రిజ్ మీద కాగితం అంటించి పిక్స్ రాసుకుంటున్నాం.

కొలంబస్_అక్క:
చాలా మంచి పని చేశారు. నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్.

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ ధన్యవాదాలు. షీట్‌లో ఇవాళే ఒక కాలమ్ చేర్చాను, "ఎందుకు" అని. మ్యాచ్‌కి ముందే కారణం రాయాలి. గెలిచినా ఓడినా ఆ కారణం నిలిచిందా లేదా అని మంగళవారం చూసుకోవాలి. మొదటిది రాశాను కూడా. ఆగస్టు 30, టెక్సస్ వెళ్లి కొలంబస్‌లో ఓహాయో స్టేట్‌తో ఆడుతుంది. నా మనసు టెక్సస్‌దే. అయినా పిక్ ఓహాయో స్టేట్. కారణం: టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్‌కి ఇంత పెద్ద మ్యాచ్, అదీ పరాయి గ్రౌండ్‌లో, మొదటి నుంచీ ఆడటం ఇదే మొదటిసారి. రెండువైపులా క్వార్టర్‌బ్యాక్‌లు కొత్తవాళ్లే కాబట్టి చిన్న అంకె పెట్టాను.

కొలంబస్_అక్క:
తమ్ముడూ, నేను టెక్సస్ అని రాశాను! కారణం: మావాళ్లు ఛాంపియన్లుగా ఆడిన టీము చాలావరకు ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోయింది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అక్కా, అది మీకు మధ్యాహ్నం 12కి కదా, మాకు రాత్రి తొమ్మిదిన్నర. ఈసారి పడుకోను. ఫ్రిస్కో అన్నా, ఆ షీట్ ఖాళీది ఒకటి ఇక్కడ పెట్టండి.