అప్‌డేట్: పెళ్లి వీడియోలో ఎర్రంచు మెట్లు మెట్లుగా కనిపించే సమస్య తీరింది

పోయిన వారం ఈ సమస్య గురించి అడిగింది నేనే. కూకట్‌పల్లిలో మా ఇంట్లో ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి అక్క పెళ్లి వీడియో పెడితే, పట్టుచీర ఎర్రంచు, టైటిల్‌లోని ఎర్ర అక్షరాలు రంపం పళ్లలా కనిపించేవి. హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోని విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) ఆపేస్తే బాగుండేది కానీ, ఆ భారం ప్రాసెసర్ మీద పడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల భరించలేం.

ఫైలు తప్పేం లేదు. అది 4:2:0 అనే పద్ధతిలో రంగు సమాచారం తగ్గించి దాచిన వీడియో. అంటే ప్రతి నాలుగు పిక్సెళ్లలో వెలుగు దేనికది, రంగు మాత్రం నాలుగింటికీ కలిపి ఒక్కటే. మిగతా రంగును ప్లే చేసేటప్పుడు పూరించాలి. హార్డ్‌వేర్ మోడ్‌లో ఆ పని గ్రాఫిక్స్ డ్రైవర్ చేతిలోకి పోయింది. అదేమో పక్క పిక్సెల్ రంగునే అచ్చుగుద్ది వదిలేస్తోంది. ఎరుపులో వెలుగు పాలు తక్కువ కాబట్టి ఆ లోపం అక్కడే బయటపడింది.

పాత ప్లేయర్ తీసేసి ఎంపీవీ (mpv) అనే ఉచిత వీడియో ప్లేయర్ పెట్టాను. హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని ‘ఆటో-కాపీ’కి మార్చాను. డీకోడింగ్ జీపీయూలోనే (గ్రాఫిక్స్ చిప్‌లోనే) జరుగుతుంది, ఫ్రేమ్ మాత్రం ర్యామ్‌లోకి వస్తుంది, రంగు పూరించే పని ప్లేయరే చూసుకుంటుంది. ఫ్యాన్ కాస్త తిరుగుతోంది, పర్వాలేదు.

అయినా అంచు కొంచెం మసకే. రెండు రోజులు డ్రైవర్‌నే తిట్టుకున్నా. తీరా చూస్తే టీవీ కూడా రంగు తగ్గిస్తోంది! హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరు ‘పీసీ’ అని మార్చగానే 4:4:4 వచ్చింది, అంటే ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు దానికే.

అమ్మకు చూపిస్తే, "అంచు సంగతి సరే, నా మొహం మీద అంత లైటు ఎందుకేశాడ్రా?" అంది.