రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లకి డ్రాప్‌బాక్సా, సింక్‌థింగా?

గోదారిగట్టు:
ఆఫీసులో విండోస్ డెస్క్‌టాప్, ఇంట్లో ఉబుంటు (లినక్స్ రకం) ల్యాప్‌టాప్. పుస్తకాల అనువాదం, పేజీల కూర్పు నా పని. ఫోల్డరు 40 జీబీ ఉంటుంది, ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్‌లో మోస్తున్నాను. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలూ ఫోటోలూ సర్దుకోవాలి, పైగా లినక్స్‌కి వాళ్ల సొంత ప్రోగ్రామ్ లేదు. ఫైళ్లని తమ సర్వరులో ఉంచి మన మిషన్లన్నిటికీ అందించే డ్రాప్‌బాక్స్‌ని డబ్బు కట్టి తీసుకోనా, మిషన్ల మధ్య నేరుగా ఫైళ్లు పంపే సింక్‌థింగ్ ఉచితంగా పెట్టుకోనా?

ఓరుగల్లు:
సింక్‌థింగే అండీ. ఫైళ్లు మీ రెండు మిషన్ల మధ్యే తిరుగుతాయి, ఎవరి సర్వరులోనూ నిల్వ ఉండవు. దారిలో రిలే (మధ్యలో అందించే సర్వరు) మీదుగా పోవాల్సి వచ్చినా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే వేరెవరూ చదవలేని రూపంలోనే పోతాయి. 2011 జూన్‌లో డ్రాప్‌బాక్స్‌లో దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఖాతా తెరుచుకుంది. 2012లో బయటికి పోయిన ఖాతాల వివరాలు 6 కోట్లు దాటాయని లోకానికి తెలిసింది 2016లో! అచ్చు కాని పుస్తకాలు అలాంటి చోట పెట్టమని నేను చెప్పలేను.

తెనాలి డీటీపీ:
ఓరుగల్లు గారూ, ఆ చరిత్ర నిజమే. కానీ ఆయన అవసరం చూడండి. సింక్‌థింగ్ పనిచేయాలంటే రెండు మిషన్లూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. సాయంత్రం ఆఫీసు డెస్క్‌టాప్ ఆపేసి వచ్చి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే, పగలు దిద్దిన అధ్యాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాత్రంతా పాత ప్రతి మీదే కూర్చుంటారు. తర్వాత ఎప్పుడో రెండూ కలిసినప్పుడు సింక్‌థింగ్ ఒక ప్రతిని ఉంచి, రెండోదానికి 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' అని పేరు తగిలించి పక్కన పెడుతుంది. ఏదీ పోదు, ఒప్పుకుంటాను. కానీ 300 పేజీల్లో ఏ పేరా ఎక్కడ మారిందో పోల్చి చూసుకునే బాధ ఎవరిది? డ్రాప్‌బాక్స్ అయితే సేవ్ చేసిన కాసేపటికే సర్వరుకి ఎక్కించేస్తుంది, మారిన ముక్కల్ని మాత్రమే. ఉచిత ఖాతాకి 2 జీబీ, మూడు పరికరాల హద్దు ఉన్నాయి కాబట్టి డబ్బు కట్టక తప్పదు. కట్టడం మేలని నా అభిప్రాయం.

ఏది పెట్టుకున్నా తెలుగు ఫైలు పేర్లతో జాగ్రత్త. విండోస్‌లో పేరు 255 సంకేతాల (అక్షరాలు, గుణింతపు గుర్తులు ఒక్కోటీ ఒక సంకేతం) దాకా ఉండొచ్చు. ఉబుంటు డిస్కులో ఫైళ్లు దాచడానికి మామూలుగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో హద్దు 255 బైట్లు. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు, గుణింతాలూ పొల్లులూ కూడా విడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' ఒక్కదానికే 18 బైట్లు. అంటే 85 సంకేతాలు దాటిన పేరు లినక్స్‌లో దిగదు. పుస్తకం పేరు, రచయిత పేరు, అధ్యాయం శీర్షిక అన్నీ కలిపి ఫైలుకి పెట్టే అలవాటు మన రంగంలో చాలామందికి ఉంది.

ఓరుగల్లు:
పేర్ల సంగతి మంచి మాట చెప్పారు. ఆన్‌లో ఉండాలన్నదానికి మాత్రం దారి ఉంది. ఇంట్లో పాత ల్యాప్‌టాపో, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డో మూడో మిషన్‌గా ఎప్పుడూ నడుస్తూ ఉంచండి. ఆఫీసులో మారినవి అక్కడికి చేరతాయి, రాత్రి అక్కణ్ణుంచి దింపుకోవచ్చు. నెలనెలా కట్టే పని లేదు.

తెనాలి డీటీపీ:
కరెంటు పోతే? డిస్కు పాడైతే? దాన్ని కనిపెట్టుకుని ఉండేది అనువాదకుడేగా. ఆ పని ఇష్టమైతేనే దిగండి. ఆఫీసు మిషన్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు అనుమతి కూడా అడగండి.

గోదారిగట్టు:
పాత ల్యాప్‌టాప్ ఉంది, ఇన్వర్టరూ ఉంది. ఒక భయం: పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే మిగతాచోట్లా పోతుందా?

తెనాలి డీటీపీ:
పోతుంది, రెంటిలోనూ. డ్రాప్‌బాక్స్ మామూలు ఖాతాల్లో 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్ మీరే ఆన్ చేసుకోవాలి. అదీ వేరే మిషన్ నుంచి వచ్చిన మార్పులకే పాత ప్రతి దాస్తుంది, అదే మిషన్‌లో మీరు చెరిపినదానికి దాయదు. అందుకని ఆ మూడో ల్యాప్‌టాప్‌లో ఆన్ చేసి, దాని మీద మీరు ఏ పనీ చేయకండి. పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా విడిగా హార్డ్‌డిస్కులో వారానికో కాపీ తీయండి.